దేవనహళ్ళికి పంపిన డిస్కు

మహదేవపురంలో ఏనుగు మునిగేంత వరద వచ్చిన రోజున, ఊరిలోని కిడ్నీ రోగులందరి ప్రాణాలనూ ఒక మూటలో కట్టి, ఆ మూటను ఒక చేత్తో నెత్తిమీద పట్టుకుని, రెండో చేత్తో ఈదుకుంటూ రింగురోడ్డు దాటిన ఆడమనిషి బెంగళూరు మొత్తానికి ఒక్కతే ఉంది. పేరు మునిలక్ష్మి. నీళ్ళలో కొట్టుకొస్తున్న కార్లు ఆమెను చూసి పక్కకు జరిగాయట. ఎదురొచ్చిన ఓల్వో బస్సు హారన్ కూడా కొట్టలేదట, మర్యాద కొద్దీ.

నమ్మనివాళ్ళు బళేపేటకు వెళ్ళి అడగవచ్చు. అక్కడి గాజుల అంగళ్ళ సందులో వెంకటరాయప్ప అనే పెద్దమనిషి ఎప్పుడు చూసినా కూర్చునే ఉంటాడు. మునిలక్ష్మికి తండ్రి. ఆయనకు గాజుల అంగడి పేరుకే. అసలు పని సంబంధాలు కుదర్చడం. చిక్కబళ్ళాపురం నుంచి హిందూపురం దాకా ఆయన కుదిర్చిన జంటలను వరసగా నిలబెడితే, ఒక కొస మెజెస్టిక్‌లో ఉంటే రెండో కొస మైసూరులో తేలుతుందని ఆయనే చెప్పుకుంటాడు. మధ్యలో రామనగరం దగ్గర కాస్త ఇరుకవుతుందట, అంతే.

ఇన్ని సంబంధాలు కుదరడానికి ఆయన దగ్గర ఒక కిటుకు ఉంది. జాతకాలు కలవాలి, సరే. కులగోత్రాలు కలవాలి, అదీ సరే. కానీ పెళ్ళిచూపుల రోజున అసలు ముప్పు జాతకంలో ఉండదు, హాల్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటుంది. పొద్దున్నే తాగే తమ్ముడో, నోటికి గడియ లేని మేనమామో, మతి నిలవని అక్కో. అలాంటివాళ్ళను వెంకటరాయప్ప ఆ ఒక్క రోజుకు దేవనహళ్ళి కోట పక్కనున్న తన దాయాది సొన్నప్ప ఇంటికి పంపేసేవాడు. వచ్చినవాళ్ళు ఇల్లంతా కలియజూసి, ఉన్నవాళ్ళందరూ బంగారమని మెచ్చుకుని, తాంబూలాలు పుచ్చుకుని పోయేవారు.

"ఉండేవాళ్ళను లేరంటే అబద్ధం. ఆ పొద్దు వాళ్ళు ఇంట్లో లేనే లేరు కదప్పా. లేనివాళ్ళను లేరంటే అబద్ధమెట్లవుతాది?" అనేవాడు.

దేవనహళ్ళికి పంపడం అన్న మాట ఆ సందులో ఎంత వాడుకైందంటే, విరిగిన గాజులను అట్టపెట్టె అడుగుకు తోసేటప్పుడు కూడా కుర్రకారు అదే అనేవారు.

మునిలక్ష్మికి ఈ పద్ధతి చిన్నప్పటి నుంచీ కిట్టదు. తండ్రిలా ఒకరికొకరిని అతికించే బతుకు తనకు వద్దని కంప్యూటర్లు చదివింది, మహదేవపురంలో ఒక టెక్ పార్కులో ఉద్యోగం తెచ్చుకుంది. తీరా చూస్తే అక్కడ ఆమెకు దొరికిన పని కూడా పొంతనలు చూడడమే.

ఆమె పనిచేసే కంపెనీ, నగరంలో డయాలిసిస్ సెంటర్లు నడిపే ఒక సంస్థకు కంప్యూటర్లు చూసిపెడుతుంది. ఆ కంప్యూటర్లు వేరువేరు పెట్టెలు కావు. టెక్ పార్కు కింది అంతస్తులో ఒక చల్లటి గది, ఆ గదిలో రెండు మూడు పెద్ద ఇనుప సర్వర్లు. ఒక్కో సర్వరు లోపల పది కంప్యూటర్లున్నట్టు నమ్మించే ఏర్పాటు ఉంటుంది. వాటిని వర్చువల్ మిషన్లంటారు. ఉన్నట్టే ఉంటాయి, పట్టుకుందామంటే చేతికి రావు. ఇక్కడ నిప్పో నీళ్ళో ముంచుకొస్తే, ఎక్కడో దూరాన క్లౌడ్‌లో వాటి నకళ్ళు లేచి నిలబడి, ఏమీ జరగనట్టు పని అందుకోవాలి. ఆ ఏర్పాటుకు ఏ మిషను పనికొస్తుంది, ఏది రాదు అని తేల్చడం మునిలక్ష్మి వంతు.

ఆ క్లౌడ్ వాళ్ళ అత్తగారితనం అంతా ఇంతా కాదు. మిషను మరీ పాత తరందైతే వద్దంటారు. అది నిద్రలేచే తీరు తమకు నచ్చాలంటారు. డిస్కు తాము చెప్పినంత లోపలే ఉండాలి. ముఖ్యంగా ఆ డిస్కు కూడా మిషనులాగే నమ్మించే డిస్కై ఉండాలి. నిజం ఇనుప డిస్కును తెచ్చి మిషనుకు నేరుగా తగిలిస్తే, దానికి నకలు తీయడం మా వల్ల కాదని ముఖం తిప్పేసుకుంటారు. ఇవన్నీ చూసేందుకు ఒక సాఫ్ట్‌వేరు ఉంది. పొంతన కుదిరితే పచ్చ గుర్తు, కుదరకపోతే ఎర్ర గుర్తు. వెంకటరాయప్ప తన జీవితకాలంలో చూసిన వియ్యపురాళ్ళందరినీ కలిపి రుబ్బినా అంత నిక్కచ్చి మనిషి తయారుకాదు.

మిషన్లన్నీ పచ్చబడ్డాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాన్ని ఆఫీసులో అందరూ అజ్జి, అంటే అవ్వ, అని పిలిచేవారు. అన్నిటికన్నా పాతది. ఎప్పుడో ఎవరో పెట్టి, ఉద్యోగం మారి పోయారు. డయాలిసిస్‌కు వచ్చే ప్రతి మనిషి లెక్కా అజ్జి దగ్గరే ఉండేది. ఎవరి ఒంట్లోంచి ఎంత నీరు తీయాలి, రక్తం గడ్డ కట్టకుండా ఎంత మందు ఇవ్వాలి, ఎవరికి ఏది పడదు, అన్నీ. అజ్జిని పెట్టినవాళ్ళు ఆ లెక్కలను ఒక నిజం డిస్కులో పోసి, సర్వరు కింది అరలో పెట్టి, నేరుగా తగిలించేశారు. అందుకే ఎర్ర గుర్తు.

దీనికి మందు లేకపోలేదు. ఒక పూట అజ్జిని ఆపి, ఆ డిస్కులో ఉన్నదంతా మామూలు వర్చువల్ డిస్కులోకి మార్చేస్తే సరిపోతుంది. మునిలక్ష్మి యెలహంక సెంటరులో టెక్నీషియన్‌గా ఉన్న కళ్యాణికి ఫోన్ చేసి, ఎప్పుడు ఆపవచ్చో కనుక్కోమంది.

"ఆదివారం మధ్యాహ్నం అన్ని సెంటర్లూ ఖాళీ అక్కా. నేను అందరికీ చెప్పిపెడతా. ఎంతసేపైనా ఆపుకోండి" అని కళ్యాణి ఆ సాయంత్రమే కబురు చెప్పింది.

ఆ ఆదివారం మునిలక్ష్మి తలంటుకుంది. బిసిబేళేబాత్ తిన్నది. కాస్త నడుము వాలుద్దామనుకుంది. లేచి చూస్తే దీపాలు పెట్టే వేళ. కళ్యాణి రెండుసార్లు ఫోన్ చేసి ఉంది. వచ్చే ఆదివారం చేద్దామని మెసేజ్ పెట్టింది. ఆ వచ్చే ఆదివారం ఎందుకు చేయలేదో ఇప్పుడు ఆమెకే గుర్తు లేదు. గుర్తుంచుకోదగ్గ కారణం ఏదైనా ఉండి ఉంటే, తరవాత అంత బాధపడేది కాదేమో.

ఈలోగా మేనేజరు మోహన్‌కుమార్ వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. పచ్చ గుర్తు కనబడకపోతే ఆయనకు అన్నం దిగదు. ట్రాఫిక్‌లో కూడా ఎర్ర దీపం పడితే కళ్ళు మూసుకుంటాడని ఆఫీసులో చెప్పుకుంటారు.

"రేపు రివ్యూ ఉండాదమ్మా. అజ్జి ఒకటే రెడ్‌లో ఉండాది. క్లయింట్ చూస్తే ఫస్టు క్వశ్చన్ అదే వస్తాది. ఏమన్నా చేస్తావా?"

"చేస్తా సార్."

సాఫ్ట్‌వేరులో ఒక వెసులుబాటు ఉంది. అక్కర్లేని డిస్కు ఏదైనా ఉంటే దాన్ని నకలు నుంచి మినహాయించవచ్చు. మునిలక్ష్మి ఆ లెక్కల డిస్కు మీద నొక్కి, దాన్ని మినహాయించింది. అజ్జి చటుక్కున పచ్చబడింది. రివ్యూ అయ్యాక మళ్ళీ చేర్చుకుందామనుకుంది. ఒక్క రోజుకే కదా.

రివ్యూలో క్లయింట్లు చప్పట్లు కొట్టారు. మోహన్‌కుమార్ మైసూర్‌పాకు తెప్పించాడు. తన వంతు ముక్కను మునిలక్ష్మి టిష్యూ కాగితంలో చుట్టి బ్యాగులో వేసుకుంది. మూడు నాళ్ళ తరవాత అది దువ్వెనకు అతుక్కుని కనబడింది.

ఆ తరవాత ఒక ఉత్తుత్తి పరీక్ష కూడా జరిగింది. నకళ్ళను లేపి చూడడం. కాంట్రాక్టు మీద పనిచేసే నర్సింహులు, పాలమూరు మనిషి, ఒక్కొక్క మిషనునూ లేపి చూశాడు. అజ్జి కూడా లేచింది, లాగిన్ తెర చూపించింది. "అజ్జి గూడ లేచింది మేడం, మస్తు హుషారుగున్నది" అని నవ్వాడు. లేచిన అజ్జి ఒళ్ళో ఏముందని ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని మునిలక్ష్మి ఆ పూటంతా మంచినీళ్ళు తాగుతూ కూర్చుంది.

నాళ్ళు గడిచేకొద్దీ సరిదిద్దడం సులువవుతుందనుకుంటాం. అది తప్పు. ఇప్పుడు అజ్జిని ఆపాలంటే ఎందుకని అడుగుతారు. ఎందుకని అడిగితే మొదటి నుంచీ చెప్పాలి. అందుకని ఆమె ఆ తెర వైపు చూడడమే మానేసింది. అన్నీ పచ్చగా ఉన్న తెరను చూడ్డానికి భయపడే మనిషి ఆ టెక్ పార్కులో ఆమె ఒక్కతే. వాన పడితే మాత్రం కిటికీ దగ్గరికి పోయి నిలబడేది. మహదేవపురంలో వానకు కిటికీ దగ్గర నిలబడేవాళ్ళు చాలామందే ఉంటారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

చివరికి ఆ వాన రానే వచ్చింది. చెరువు కట్ట మీద నుంచి పొర్లింది. రింగురోడ్డు మీద కార్లు అరటిదొప్పల్లా తేలాయి. ఉద్యోగులను ట్రాక్టర్లలో ఎక్కించి తోలారు. మునిలక్ష్మి ఉండే కృష్ణరాజపురం సందులో నీళ్ళు నిలవడంతో ముందురోజే పుట్టింటికి, బళేపేట మేడమీదికి వచ్చేసి ఉంది. పొద్దున్నే లాప్‌టాప్ తెరిచి మీటింగులో కూర్చుంది. టెక్ పార్కులో కరెంటు తీసేశారు. జెనరేటరు మునిగిపోయింది. కింది అంతస్తులోకి నీళ్ళు వస్తున్నాయి. అన్నిటినీ క్లౌడ్‌లో లేపమని మోహన్‌కుమార్ చెప్పేశాడు.

"అన్నీ లేచినాయా నర్సింహులూ?"

"అన్నీ లేచినయ్ సార్. అజ్జి గూడ."

"సూపర్. చూసినారా, ఇందుకే నేను గ్రీన్ గ్రీన్ అని తల తింటాను" అన్నాడు మోహన్‌కుమార్. ఆయన గొంతులో పండగ ఉంది.

మునిలక్ష్మి చేతిలో ఫోన్ మోగింది. కళ్యాణి.

"అక్కా, స్క్రీను వచ్చింది. పేరు కొడితే అట్లాంటి మనిషే లేడంటాది. ఎవరి పేరు కొట్టినా అంతే. పెద్దక్క పేరు కొట్టినా లేదంటాది. ఆమె ఇక్కడ నా ఎదురుగా కూర్చోనుంది."

పెద్దక్క అంటే కట్టడాల పనిలో ఇటుకలు మోసి మోసి యెలహంకలోనే ఉండిపోయిన అనంతపురం మనిషి. పోయినసారి వానకు బస్సు దొరక్క రాలేదు. అందువల్ల ఇప్పటికే కాళ్ళు, ముఖం ఉబ్బిపోయి ఉన్నాయి.

"లెక్క తెలీకుండా డయాలిసిస్ మిషను మీద వేయలేనక్కా. నీళ్ళు ఎక్కువ తీస్తే కళ్ళు తిరిగి పడిపోతాది. తక్కువ తీస్తే ఊపిరాడదు. డాక్టరమ్మ వానలో ఇరుక్కొని ఫోనులో ఉండాది, ఆమె కూడా పాత లెక్కే అడుగుతాంది. ఎంతసేపట్లో వస్తాది?"

మునిలక్ష్మికి చెప్పాల్సింది నోటిదాకా వచ్చింది. ఆ డిస్కు అసలు క్లౌడ్‌కు పోనే లేదు. బ్యాకప్ పెట్టె కూడా అదే గదిలో నేలమీద ఉంది, అప్పటికే అది తడిసి చెడిపోయిందని కబురొచ్చింది. లెక్కలన్నీ ఉన్నది లోకంలో ఒకే ఒక్క చోట, నీళ్ళొస్తున్న ఆ గదిలో, కింది అరలో. నోటిదాకా వచ్చినదాన్ని మింగేసి ఇలా అంది:

"నెట్‌వర్క్ అనుకుంటా కళ్యాణీ. చూస్తాండాం."

మీటింగులో నర్సింహులు ఆ మాట విన్నాడు. "నెట్‌వర్కా మేడం? సరే, నేను చూస్త" అని తల వంచి పనిలో దిగాడు. ఆమె నోటి నుంచి వచ్చిన మాట నమ్మి, అతను లేని దొంగ కోసం ఇల్లంతా గాలించడం మొదలుపెట్టాడు. తెర మీద అతని నడినెత్తి మాత్రమే కనబడుతోంది. మునిలక్ష్మి దాన్నే చూస్తూ కూర్చుంది.

ఒక దారి ఉందనిపించింది. ఎవరికీ చెప్పకుండా ఆ డిస్కును బయటికి తెప్పిస్తే చాలు. మైకు ఆపేసి, టెక్ పార్కు సెక్యూరిటీలో ఉన్న ఓబులేష్‌కు ఫోన్ చేసింది.

"నీళ్ళు గది గుమ్మం దాటినాయి మేడం. కింది అర ఇంకా తడవలేదు" అన్నాడు ఓబులేష్.

"ఆ అరలో ఎడమ కొసన ఒక డిస్కు ఉంటాది ఓబులేష్. దాన్ని లాగి మేడమీద పెట్టు. స్వల్ప అర్జంటు."

"మోహన్‌కుమార్ సారుకు తెలుసునా?"

"నేను చెప్తాలే."

"ఆయప్ప చెప్పనీండి మేడం. ఆ గదిలో ఇంకో లైన్ నుంచి కరెంటు వస్తాది, అది కూడా తీసినారని సారు చెప్తేనే లోపలికి పోతా. నాకూ పెండ్లాం పిల్లలుండారు. మీరొక్కరే చాటుగా చెప్తే ఎట్ల పోయేది?"

చాటుగా అన్న మాట ఎందుకన్నాడో అతనికే తెలుసు. మునిలక్ష్మి ఫోన్ పెట్టేసింది.

వెంకటరాయప్ప మంచం మీద కూర్చుని గాజులను డజన్ల లెక్కన దారానికి కూరుస్తూ అంతా వింటున్నాడు. కంప్యూటర్ల సంగతి ఆయనకు తెలియదు. కానీ పెళ్ళిచూపుల్లో ఎవరు ఏం దాస్తున్నారో కనిపెట్టడంలో ముదిరిన మనిషి.

"ఎవర్ని పంపేసినావు మునీ?" అన్నాడు తల ఎత్తకుండా.

"ఏంది నాయనా?"

"ఆ ముఖం నాకు గొత్తు, బాగా తెలుసు. ఎవర్నో దేవనహళ్ళికి పంపించేసి, వచ్చినోళ్ళ ముందర నవ్వతా కూర్చున్న ముఖం అది. ఎవర్ని పంపినావు?"

మునిలక్ష్మి రెండు ముక్కల్లో చెప్పింది. డిస్కు సంగతి, పచ్చ గుర్తు సంగతి, ఉబ్బిన కాళ్ళతో కూర్చుని ఉన్న పెద్దక్క సంగతి.

"దానికేమిప్పుడు. మన కసుబే, మనం చేసే పనే అది" అన్నాడు వెంకటరాయప్ప. అనునయంగానే అన్నాడు. "ఒక పొద్దుకు పక్కన పెడతాం, పని అయినాక పిలుచుకొస్తాం. కుదిరిపోయినాక ఎవరూ అడగరు. నా ఇన్నేండ్లలో ఒక్కరన్నా అడిగినారా?"

"పిల్లమ్మత్తను పిలుచుకొచ్చినావా నాయనా?"

ఆయన చేతిలో దారం ఆగింది.

పిల్లమ్మ ఆయనకు స్వయానా అక్క. మొగుడు పోయాక తమ్ముడి ఇంట్లోనే ఉండి, మునిలక్ష్మిని చంకన వేసుకుని పెంచింది. మెడ మీద, చేతుల మీద బొల్లి మచ్చలు. మునిలక్ష్మి పెళ్ళిచూపులకు ముందురోజు, ఒక్క పొద్దుకే అని చెప్పి, ఆమెను దేవనహళ్ళి బస్సు ఎక్కించారు. సంబంధం కుదిరింది. తాంబూలాలైనాక పిలుచుకొద్దామనుకున్నారు. పెళ్ళిలో మగపెళ్ళివారు చూస్తారని పెళ్ళైనాక అన్నారు. పెళ్ళైనాక, మొదటి కాన్పుకు వాళ్ళు వస్తూ పోతూ ఉంటారని ఆగారు. ఎప్పుడు ఫోన్ చేసినా పిల్లమ్మ "ఇక్కడ గాలి బాగుండాది, నాకేం తక్కువ" అంటుంది. అత్తను ఎందుకు పంపుతున్నారో మునిలక్ష్మికి అప్పుడూ తెలుసు. అత్త బస్సెక్కుతుంటే మేడమీద నుంచి చూస్తూ, పట్టుచీర కుచ్చెళ్ళు సరిచేసుకుంటూ నిలబడింది.

"అది వేరే సంగతి" అన్నాడు వెంకటరాయప్ప.

"ఏం వేరే నాయనా?"

ఆయన కూర్చిన గాజులనే మళ్ళీ విప్పి కూర్చసాగాడు.

ఫోన్ మళ్ళీ మోగింది. కళ్యాణి గొంతు మారిపోయింది. "అక్కా, పెద్దక్క ఆయాసపడతాంది. అంబులెన్సు పిలిచినాము. పెద్దాసుపత్రిలోనన్నా లెక్క తెలిస్తే మంచిదంటాండారు. వస్తాదా రాదా, అది చెప్పు. రాదంటే రాదని చెప్పు, మేము వేరే దారి చూసుకుంటాం."

మునిలక్ష్మి మైకు తెరిచింది.

"సార్, నర్సింహులూ, నెట్‌వర్క్ కాదు. వెతకడం ఆపండి. అజ్జి లెక్కల డిస్కు క్లౌడ్‌లో లేదు. నేనే మినహాయించినా."

మోహన్‌కుమార్ అజ్జి పక్కనున్న పచ్చ గుర్తు వైపు చూశాడు. "ఎప్పట్నుంచి?" అన్నాడు.

"మొదట్నుంచి సార్."

"గ్రీన్ ఉండింది కదమ్మా."

"దాన్ని తీసేసినా కాబట్టే గ్రీన్ సార్."

నర్సింహులు తల ఎత్తి తెరలోకి చూశాడు. కోపం లేదు, అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. "అయితే పొద్దటి సంది నేను లేనిదాన్ని దేవులాడుతున్ననా మేడం?" అన్నాడు. "ముందుగల్ల చెప్తే అయిపోవు గదా. గంటలు పోయినయ్."

మునిలక్ష్మి అడగాల్సింది అడిగింది. ఆ రెండో లైను కరెంటు తీయించాలి, ఓబులేష్‌కు సారే చెప్పాలి, డిస్కును రాజాజినగర్ బ్రాంచికి చేరిస్తే నర్సింహులు అక్కడి కంప్యూటరుకు తగిలించి లెక్కలు పైకి తోయవచ్చు. మోహన్‌కుమార్ ఎవరెవరికో ఫోన్లు చేశాడు. మునిలక్ష్మి కళ్యాణికి తిరిగి ఫోన్ చేసి, లెక్క సాయంత్రానికి గానీ రాదని, తప్పు తనదని చెప్పింది. అవతల కళ్యాణి "సరే అక్కా" అని మాత్రమే అని పెట్టేసింది. ఇన్నాళ్ళ పరిచయంలో ఆ పిల్ల అంత చిన్న మాట మాట్లాడింది అప్పుడే.

చెప్పులు వేసుకుని మునిలక్ష్మి మెట్లు దిగింది.

అక్కడి నుంచి జరిగింది బళేపేట నోట వినాలి. ఆమె అడుగు పెట్టగానే వరద ఒక మూర తగ్గిందట. నడుమ చెరువులోంచి వచ్చిన మొసలి ఒకటి దారికి అడ్డంగా పడుకుని ఉంటే, ఐడీ కార్డు చూపించిందట, అది లేచి దారిచ్చిందట. గదిలో నీళ్ళ అడుగుకు మునిగి, ఊపిరి బిగబట్టి, పళ్ళతో డిస్కు లాగిందట. తిరిగి ఈదుకుంటూ వచ్చి సాయంత్రానికి రాజాజినగర్‌లో నర్సింహులు చేతిలో పెట్టిందట. ఇందులో ఆ చివరి ముక్కకు సాక్షులున్నారు. దీపాలు పెట్టే వేళకు కళ్యాణి తెర మీద పేర్లన్నీ వచ్చాయి, పెద్దక్క పేరుతో సహా. అప్పటికి పెద్దక్క పెద్దాసుపత్రిలో, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో పడుకుని ఉంది.

ఆమె బతికింది. కొన్నాళ్ళకు కళ్యాణి ముందు తన కుర్చీలోకి తిరిగి వచ్చింది. కానీ ముందు ఒక్కతే బస్సులో వచ్చే మనిషి, ఇప్పుడు కొడుకు భుజం పట్టుకుని వస్తోంది. మునిలక్ష్మి ఒకసారి యెలహంక వెళ్ళి, ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. జరిగిందంతా చెప్పింది. పెద్దక్కకు డిస్కులు అర్థం కాలేదు. "అప్పుడు నువ్వు రాలేదనే కదా నీ బాధ, ఇప్పుడు వచ్చినావు కదమ్మా" అని ఆమె చెయ్యి నిమిరింది. నిమిరే ఆ చేతికి సూదులు గుచ్చి గుచ్చి నరం తాడులా పైకి తేలి ఉంది. మునిలక్ష్మి చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది, అక్కడ ఉంచనూ లేకపోయింది.

ఆఫీసులో మోహన్‌కుమార్ ఆమె చేతి నుంచి పొంతనల పని తీసేసి, నర్సింహులుకిచ్చాడు. ఆమె సరేనంది. అజ్జిని ఒక ఆదివారం ఆపి, ఆ డిస్కును మామూలు డిస్కులోకి మార్చింది మాత్రం ఆమే. ఆ పూట తలంటుకోలేదు.

కష్టమల్లా బళేపేటలోనే. వెంకటరాయప్ప కూతురి కథను గాజులతోపాటు ఉచితంగా పంచడం మొదలుపెట్టాడు. మొసలిని తెచ్చింది ఆయనే. బస్సు మర్యాదా ఆయన కల్పనే. మునిలక్ష్మి వద్దన్నకొద్దీ నీళ్ళ లోతు పెరిగింది. ఆయన ఎందుకలా చెబుతున్నాడో ఆమెకు తెలుసు. అసలు సంగతి చెప్పాలంటే, ఆ పూట మేడమీద ఏం మాట్లాడుకున్నారో కూడా చెప్పాల్సి వస్తుంది.

ఒక సాయంత్రం ఆమె అంగడికి వచ్చేసరికి, పెళ్ళికి గాజులు తీసుకోవడానికి హిందూపురం నుంచి వచ్చిన ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని ఉన్నారు. వెంకటరాయప్ప అప్పుడే మొసలి దగ్గరికి చేరుకున్నాడు.

"అదో, మా పాప వచ్చింది. ఆమెనే అడగండి" అన్నాడు గర్వంగా.

అందులో ఒక పెద్దావిడ పెట్టుకున్న గాజులు తీయకుండానే తిరిగి చూసింది. "అంత నీళ్ళలో ఎట్ల ఈదినావు తల్లీ? అంతమందిని నువ్వే కాపాడినావంటనే."

వెంకటరాయప్ప కూతురి వైపు చూశాడు. చెప్పకమ్మా అన్నట్టు కాదు. ఏదో ఒకటి చెప్పు అన్నట్టు.

మునిలక్ష్మి చెప్పింది. "నాకు ఈత రాదు. నేను దిగిన చోట నీళ్ళు మోకాలి దాకనే ఉండినాయి. డిస్కు తీసింది ఓబులేషు, నేను పోయేటప్పటికే తీసి మెట్ల మీద పెట్టినాడు. నేను దాన్ని సంచిలో వేసుకొని మెట్రోలో వచ్చినా. పొద్దున్నే చెప్పింటే పెద్దక్క ఆసుపత్రికి పోయేదే లేదు."